ఇంట్లో హైడ్రోపోనిక్ కీర దోస: విత్తనం నుంచి కోత దాకా

మట్టి లేకుండా పెంచే పంటల్లో ఆకుకూరలంత సర్దుకుపోయేవి లేవు. రెండు రోజులు పట్టించుకోకపోయినా పెద్దగా అలగవు. లెట్యూస్‌తో మొదలుపెట్టి, అదే ధీమాతో కీర దోస వేసినవాళ్లకు మాత్రం నెల తిరిగేసరికి ఊపిరి సలపదు. కాపు మీదున్న ఒక్క తీగ, ఎండ గట్టిగా ఉన్న రోజున రెండు మూడు లీటర్ల నీళ్లు లాగేస్తుంది. అందులో కాయల్లోకి చేరేది కొంతే. మిగతాదంతా ఆ వెడల్పాటి ఆకుల మీదుగా ఆవిరైపోతుంది. తీగను పెంచే బకెట్‌లో వారం రోజులు వస్తాయనుకున్న నీళ్లు మూడో రోజుకే సగానికి దిగిపోతాయి.

కాబట్టి ఈ పంటలో ముందు చూసుకోవాల్సినవి రెండు. వేరుకు గాలి అందుతోందా? తీగ తాగినదానికి తగ్గట్టు మనం తిరిగి పోస్తున్నామా? ఆకు మీద కనిపించే సమస్యల్లో చాలావాటికి మూలం బకెట్‌లోనే దొరుకుతుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పేయాలి. మట్టిలో కంటే ఎన్నో రెట్లు కాస్తుందనే ప్రచారం చూసి దిగొద్దు. పోషక ద్రావణాలకు, అంటే ఎరువులు కరిగించిన నీళ్లకు, ఇప్పటికీ ఆధారంగా వాడే సూత్రాన్ని అందించిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు హోగ్లండ్, ఆర్నన్ 1938లోనే ఈ సంగతి తేల్చారు. సారవంతమైన మట్టిలో వచ్చే దిగుబడి, నీళ్లలో వచ్చే దిగుబడి దాదాపు ఒకే స్థాయిలో ఉంటాయన్నారు. లాభం వేరే చోట ఉంది. మట్టి ద్వారా సోకే తెగుళ్లు చాలావరకు ఉండవు, కలుపు తీసే పని లేదు, కాస్త చోటులోనే తీగను నిలువునా పాకించుకోవచ్చు, ఎరువు ఎంత ఉందో మీటర్‌లో చూసుకోవచ్చు.

ఏ పద్ధతి పెట్టుకోవాలి?

ఇంటి స్థాయిలో కీర దోసకు బాగా నప్పేవి రెండు పద్ధతులు.

ఒకటి నీటి బకెట్. మూత ఉన్న 20 లీటర్ల బకెట్, మూతకు చేసిన రంధ్రంలో నెట్ పాట్ (జల్లెడలా రంధ్రాలున్న చిన్న కుండీ), బకెట్ నిండా పోషక ద్రావణం, అడుగున గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్. వేళ్లు నేరుగా నీళ్లలో వేలాడతాయి. సామాను తక్కువ, వేళ్లు ఎలా ఉన్నాయో మూత ఎత్తి చూడొచ్చు. ఎదుగుదల కూడా చురుగ్గా ఉంటుంది. బలహీనత ఏమిటంటే, నీళ్లు వేడెక్కినా పంపు ఆగినా తీగ త్వరగా దెబ్బతింటుంది.

రెండోది డచ్ బకెట్. ఇందులో బకెట్‌ను పెర్లైట్ అనే తేలికైన తెల్లటి గుళికలతోనో, పెర్లైట్ కలిపిన కోకోపీట్‌తోనో (కొబ్బరి పీచు పొట్టు) నింపుతారు. పైనుంచి డ్రిప్ ద్వారా ద్రావణం పడుతుంది, మిగిలింది కింది గొట్టం గుండా ట్యాంకులోకి తిరిగి వెళ్తుంది. ఆ గొట్టాన్ని అడుగు నుంచి నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తులో పెడతారు కాబట్టి అడుగున కొంచెం ద్రావణం ఎప్పుడూ నిలిచి ఉంటుంది. పంపు కాసేపు ఆగినా తీగ వెంటనే వాడిపోదు. వేడి ఎక్కువగా ఉండే చోట నేను దీనివైపే మొగ్గుతాను. కోకోపీట్ వాడేటట్టయితే ముందు మంచినీళ్లతో బాగా కడిగి, తర్వాత కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, మళ్లీ కడగాలి. లేకపోతే అది మొక్కకు అందాల్సిన కాల్షియాన్ని తనలో పట్టేసుకుని, బదులుగా సోడియం, పొటాషియం వదులుతుంది.

పైపుల్లో పలుచగా నీళ్లు పారించే ఎన్ఎఫ్‌టీ పద్ధతి లెట్యూస్‌కు బాగుంటుంది కానీ దోస వేళ్లు కొన్ని వారాల్లోనే పైపును దట్టంగా పూడ్చేస్తాయి. పంపు లేకుండా నిలవ నీళ్లలో పెంచే పద్ధతి ఒకటుంది. దాన్ని ప్రాచుర్యంలోకి తెచ్చిన హవాయి విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త బెర్నార్డ్ క్రాట్కీ పేరుతోనే పిలుస్తారు. దోస దాహానికి అక్కడ చిన్న బకెట్ చాలదు, పెద్ద తొట్టి కావాలి.

మొదటిసారి వేస్తున్నవాళ్లకు రెండు నీటి బకెట్లు, రెండు తీగలు చాలు. ఒకటి నీరసిస్తే పక్కదానితో పోల్చి చూసుకోవచ్చు. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఆ నీటి బకెట్ గురించే. డచ్ బకెట్‌కు తేడా ఉన్న చోట విడిగా చెబుతాను.

విత్తనం దగ్గర తొందరపడొద్దు

కీర దోసలో మామూలు రకాలకు మగ పువ్వులు, ఆడ పువ్వులు విడివిడిగా పూస్తాయి. మగ పువ్వు పుప్పొడి ఆడ పువ్వుకు చేరితేనే కాయ నిలుస్తుంది. బయట తేనెటీగలు ఆ పని చేస్తాయి. గదిలోనో, వల కట్టిన బాల్కనీలోనో పెంచితే మీరే తేనెటీగ కావాలి. ఈ బాధ లేని రకాలున్నాయి. పరాగ సంపర్కం లేకుండానే కాయ కట్టే వీటిని పార్థినోకార్పిక్ రకాలంటారు. వీటిలో చాలావాటికి దాదాపు అన్నీ ఆడ పువ్వులే వస్తాయి, కాయలో గట్టి గింజలు ఉండవు. ఇంటి లోపల పెంచేవాళ్లు ప్యాకెట్ మీద ఈ మాట ఉందో లేదో చూసుకునే కొనాలి.

ఒక మెలిక ఉంది. ఈ రకాల పువ్వుల్లోకి పొరపాటున పుప్పొడి చేరితే కాయ ఒక చివర ఉబ్బి, లోపల గింజ కట్టి, ఆకారం చెడుతుంది. అందుకే వీటి పక్కనే మామూలు రకాన్ని పెట్టొద్దు.

చోటు తక్కువైతే 12 నుంచి 18 సెంటీమీటర్ల దగ్గర కోసుకునే చిన్న కాయల రకం మేలు. అడుగు పొడుగు కాయలు ఇచ్చే రకాలు చూడటానికి బాగుంటాయి కానీ వాటికి రెండు మీటర్ల ఎత్తు, గట్టి ఆధారం, ఎక్కువ వెలుగు కావాలి.

నారు పోయడం

రాక్‌వూల్ (రాతి పీచు) క్యూబ్ గానీ కోకోపీట్ ప్లగ్ గానీ తీసుకుని పీహెచ్ 5.8 దగ్గర ఉన్న నీళ్లతో తడపండి. పీహెచ్ అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే కొలత, 7 కంటే తగ్గితే ఆమ్లం. సెంటీమీటర్ లోతులో ఒక్కో విత్తనం పెట్టండి. ఉష్ణోగ్రత 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే మూడు నుంచి ఐదు రోజుల్లో మొలక కనిపిస్తుంది. 15 డిగ్రీల కిందికి దిగితే విత్తనం మొలవకుండా కుళ్లే అవకాశమే ఎక్కువ. తడి ఉండాలి గానీ నీళ్లు కారుతూ ఉండకూడదు. ప్లగ్‌ను చేతి వేళ్ల మధ్య నొక్కితే ఒకటి రెండు చుక్కలు రావడం సరైన తడి.

మొలక తలెత్తిన రోజే వెలుగులో పెట్టాలి. ఒక్క రోజు ఆలస్యమైనా కాడ సన్నగా సాగిపోతుంది, తర్వాత దాన్ని లావు చేయడం కుదరదు. రెండు బీజదళాలు పూర్తిగా విచ్చుకున్నాక సగం బలం ద్రావణం ఇవ్వడం మొదలుపెట్టండి. రెండు మూడు అసలు ఆకులు వచ్చి, ప్లగ్ అడుగున తెల్లటి వేళ్లు బయటికి తొంగి చూస్తే నాటడానికి సిద్ధమైనట్టే. సాధారణంగా రెండు నుంచి మూడు వారాలు పడుతుంది. దోస వేళ్లు కదిలిస్తే ఓర్చుకోవు. మట్టిలో పెంచిన నారు తెచ్చి, వేళ్లు కడిగి ఇందులో పెట్టాలన్న ఆలోచన మానుకోండి.

బకెట్ సిద్ధం చేయడం

బకెట్ లోపలికి వెలుగు అసలు పోకూడదు. వెలుగు, ఎరువు, నీళ్లు మూడూ కలిసిన చోట పాచి పుడుతుంది, అది వేళ్లకు చుట్టుకుంటుంది. ఖాళీ బకెట్‌లో ఫోన్ టార్చ్ వెలిగించి, మూత పెట్టి, చీకట్లో చూడండి. గోడల గుండా వెలుగు కనిపిస్తే బయట ముందు నల్ల రంగు, దాని మీద తెల్ల రంగు వేయండి. నలుపు వెలుగును ఆపుతుంది, తెలుపు వేడిని తిప్పికొడుతుంది. ఒక్క నలుపు వేసి ఎండలో పెడితే నీళ్లు కాగిపోతాయి.

మూతకు ఐదారు అంగుళాల నెట్ పాట్ పట్టేలా రంధ్రం, ఎయిర్ పైపుకు ఇంకో చిన్న రంధ్రం, నీళ్లు పోయడానికి మూత ఉన్న మరో రంధ్రం చేయండి. ఈ మూడో రంధ్రం విషయం చాలామందికి ముందు తట్టదు. తీగ పందిరికి అల్లుకున్నాక మూత ఎత్తడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.

ఎయిర్ పంపు బలం, ప్రతి నాలుగు లీటర్ల ద్రావణానికి నిమిషానికి ఒక లీటరు గాలి చొప్పున చూసుకుంటే సరిపోతుంది. పంపును నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టండి. కింద పెడితే కరెంటు పోయినప్పుడు నీళ్లు పైపులో వెనక్కి పాకి పంపులోకి వస్తాయి. ఎత్తులో పెట్టే వీలు లేకపోతే పైపుకు, నీళ్లను వెనక్కి రానివ్వని చెక్ వాల్వ్ తగిలించాలి. పంపు రాత్రీ పగలూ నడవాలి. కరెంటు తరచుగా పోయే చోట బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి పక్కన ఉంచుకుంటే టెన్షన్ ఉండదు.

పోషక ద్రావణం

ముందు మీటర్ల సంగతి. రెండు కావాలి, పీహెచ్ మీటర్ ఒకటి, ఈసీ మీటర్ ఒకటి. ఈసీ అంటే నీళ్లలో ఎంత ఎరువు కరిగి ఉందో చెప్పే కొలత, మిల్లీసీమెన్స్‌లో చూపిస్తుంది. టీడీఎస్ మీటర్ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అది కూడా లోపల కొలిచేది ఈసీనే, దాన్ని ఒక అంకెతో హెచ్చవేసి పీపీఎంగా (పది లక్షల్లో ఎన్ని వంతులో) చూపిస్తుంది. ఒకే ద్రావణం, ఈసీ 2.0 ఉన్నది, ఒక మీటర్‌లో 1000 పీపీఎం, ఇంకో మీటర్‌లో 1400 పీపీఎం చూపించవచ్చు. అందుకే ఎవరైనా పీపీఎం అంకె చెబితే గుడ్డిగా పాటించకండి. ఇక పీహెచ్ మీటర్‌ను 4, 7 బఫర్ ద్రావణాలతో, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో, తరచూ సరిచూసుకోవాలి. దాని కొసను ఎండనిస్తే పాడైపోతుంది.

నీళ్లు ఎలాంటివో కూడా కొలవండి. ఉత్త నీళ్ల ఈసీ 0.3 లోపు ఉంటే హాయి. 0.5 దాటితే, ముఖ్యంగా ఉప్పదనం ఉంటే, వాన నీళ్లో ఆర్ఓ నీళ్లో కలిపి పలుచన చేసుకోవాలి. కఠిన జలంలో బైకార్బొనేట్లు ఎక్కువ కాబట్టి పీహెచ్ ఎంత దించినా మళ్లీ పైకి ఎక్కుతూనే ఉంటుంది.

హైడ్రోపోనిక్స్‌కని అమ్మే ఎరువులు ఎ, బి అని రెండు భాగాలుగా వస్తాయి. ఎ లో కాల్షియం ఉంటుంది, బి లో సల్ఫేట్లు, ఫాస్ఫేట్లు ఉంటాయి. చిక్కటి స్థితిలో ఈ రెండూ కలిస్తే తెల్లటి మడ్డిగా గడ్డకట్టి అడుగుకు దిగిపోతాయి, మొక్కకు అందవు. ఒకదాన్ని నీళ్లలో పూర్తిగా కలిపాకే రెండోదాన్ని పోయాలి. ఒకే కొలత గిన్నెను కడగకుండా రెండింటికీ వాడకూడదు.

సొంతంగా కలుపుకునేవాళ్ల కోసం 20 లీటర్లకు లెక్క ఇది:

కాల్షియం నైట్రేట్ 16 గ్రాములు
పొటాషియం నైట్రేట్ 8 గ్రాములు
మోనో పొటాషియం ఫాస్ఫేట్ 4 గ్రాములు
మెగ్నీషియం సల్ఫేట్ 10 గ్రాములు
12 శాతం ఐరన్ చీలేట్ (వేరు తీసుకోగల రూపంలో ఉండే ఇనుము) 0.3 గ్రాము
సూక్ష్మపోషకాల మిశ్రమం, ప్యాకెట్ మీద చెప్పినంత

పావు గ్రాము, అర గ్రాము ఇంటి తూకంలో తేలవు. లీటరు నీళ్లలో 15 గ్రాముల ఐరన్ చీలేట్ కలిపి చీకటి సీసాలో పెట్టుకోండి. అందులో 20 మిల్లీలీటర్లు తీసి పోస్తే 20 లీటర్లకు సరిపోతుంది. సూక్ష్మపోషకాల మిశ్రమంలో ఇప్పటికే ఐరన్ ఉందేమో చూసుకుని, ఉంటే ఆ మేరకు తగ్గించండి.

ఈ కొలతతో నైట్రోజన్ సుమారు 175 పీపీఎం, పొటాషియం 210, కాల్షియం 150, మెగ్నీషియం 50, ఫాస్ఫరస్ 45 దగ్గర వస్తాయి. ఈసీ 2.0 చుట్టూ తేలుతుంది, ఉత్త నీళ్ల ఈసీ దానికి అదనం. నారు దశలో ఇందులో సగం, అంటే ఈసీ 1.0 నుంచి 1.2. తీగ పాకేటప్పుడు 1.6 నుంచి 1.8. కాయలు పడటం మొదలయ్యాక 2.0 నుంచి 2.4. కాపు దశలో పొటాషియం నైట్రేట్‌ను 8 గ్రాముల నుంచి 12కు పెంచితే కాయ కోరే పొటాషియం అందుతుంది. ఎండలు మండే రోజుల్లో మాత్రం ఈసీని ఆ హద్దుల్లో కిందివైపే ఉంచండి. అప్పుడు తీగకు ఆకలి కంటే దాహం ఎక్కువ.

అన్నీ కరిగాక, చివర్లో పీహెచ్ సరిచేయాలి. 5.5 నుంచి 6.2 మధ్య ఉంటే చాలు, 5.8 అయితే బాగు. 6.5 దాటితే ఐరన్, మాంగనీస్ నీళ్లలో ఉన్నా వేరు తీసుకోలేదు. దించడానికి పలుచన చేసిన ఫాస్ఫారిక్ ఆమ్లం వాడతారు. ఎప్పుడైనా ఆమ్లాన్నే నీళ్లలో పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. నిమ్మ ఉప్పు, వెనిగర్ లాంటివి కూడా ఆ పూటకు పీహెచ్ దించుతాయి కానీ సూక్ష్మజీవులు వాటిని తినేయగానే మళ్లీ పైకి వచ్చేస్తుంది. రోజూ అదే పని అవుతుంది.

నాటడం, నీటి మట్టం

ప్లగ్‌ను నెట్ పాట్‌లో పెట్టి, చుట్టూ కడిగిన క్లే బాల్స్ (కాల్చిన బంకమట్టి గుళికలు) నింపండి. మొదట్లో ద్రావణం నెట్ పాట్ అడుగును ఒక సెంటీమీటర్ మేర తాకేలా ఉండాలి. వేళ్లు బయటికి వచ్చి పది పన్నెండు సెంటీమీటర్లు వేలాడాక మట్టాన్ని తగ్గించి, నెట్ పాట్‌కు నీటికి మధ్య నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ ఉంచండి. ఆ ఖాళీలో పెరిగే వేళ్లు నేరుగా గాలి పీల్చుకుంటాయి. పంపు కొన్ని గంటలు ఆగినా తీగను నిలబెట్టేవి అవే. బకెట్‌ను మళ్లీ అంచుదాకా నింపితే ఆ వేళ్లు మునిగి ఉక్కిరిబిక్కిరి అవుతాయి. బకెట్ లోపల గోడ మీద మార్కర్‌తో గీత గీసుకుంటే ఈ తప్పు జరగదు.

డచ్ బకెట్‌లో అయితే పెర్లైట్‌కు పగటిపూట గంటకోసారైనా కాసేపు డ్రిప్ నడవాలి. కోకోపీట్ కలిపితే తడి ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి అన్నిసార్లు అక్కర్లేదు. పొద్దెక్కాక మొదలుపెట్టి, పొద్దు వాలకముందే ఆపి, రాత్రి ఒకసారి ఇస్తే చాలు.

రోజూ చూడాల్సింది

పొద్దున్నే రెండు నిమిషాల పని. మట్టం, ఈసీ, పీహెచ్ చూసి ఒక పుస్తకంలో రాసుకోండి. ఒక్క రోజు అంకె పెద్దగా ఏమీ చెప్పదు, నాలుగు రోజుల అంకెలు పక్కపక్కన చూస్తే తీగ ఏం చేస్తోందో అర్థమవుతుంది.

మట్టం తగ్గి ఈసీ పెరిగితే, తీగ నీళ్లు ఎక్కువ తాగి ఎరువు వదిలేసిందని. ఉత్త నీళ్లు పోయండి, మొత్తం బలం కాస్త తగ్గించండి. మట్టం తగ్గి ఈసీ కూడా తగ్గితే ఆకలిగా ఉందని, పూర్తి బలం ద్రావణం పోయండి. ఈసీ కదలకుండా మట్టం మాత్రమే తగ్గుతుంటే మీ కొలత సరిగ్గా కుదిరింది, సుమారు అదే బలంతో పోస్తూ ఉండండి. పీహెచ్ రోజుకు కొద్దికొద్దిగా పెరగడం మంచి లక్షణమే, వేరు నైట్రేట్ తీసుకుంటున్నప్పుడు అలా జరుగుతుంది. ఉన్నట్టుండి బాగా పడిపోతే మాత్రం మూత ఎత్తి వేళ్లు చూడాల్సిందే.

ఏడు నుంచి పది రోజులకోసారి పాత ద్రావణం మొత్తం తీసేసి కొత్తది నింపండి. ఈసీ మీటర్ మొత్తం ఎంత ఉందో చెబుతుంది గానీ అందులో ఏది అయిపోయిందో, ఏది పేరుకుపోయిందో చెప్పలేదు.

వెలుగు, వేడి

రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల నేరుటెండ ఉంటే వేరే ఏర్పాట్లు వద్దు. పూర్తిగా గది లోపలైతే బలమైన ఎల్ఈడీ గ్రో లైట్లు 14 నుంచి 16 గంటలు వెలగాలి. మామూలు బల్బు వెలుగులో తీగ పెరుగుతుంది, కాయదు. పగలు 24 నుంచి 29 డిగ్రీలు, రాత్రి 18 నుంచి 21 డిగ్రీలు దోసకు ఇష్టం.

గాలి వేడి కన్నా ద్రావణం వేడి ప్రమాదకరం. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచుతాయి. 30 డిగ్రీలకు చేరితే అది ఏడున్నర దగ్గరికి పడిపోతుంది. అదే సమయంలో వేడి వల్ల వేరు ఇంకా ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది, వేరుకుళ్లు కలిగించే పిథియం కూడా చురుకవుతుంది. ద్రావణాన్ని 20 నుంచి 24 మధ్య ఉంచడం లక్ష్యంగా పెట్టుకోండి, 27 దాటితే ఏదో ఒకటి చేయాలి. తీగ ఎండలో, బకెట్ నీడలో ఉండేలా సర్దడం అన్నిటికన్నా తేలిక. బకెట్‌కు థర్మాకోల్ చుట్టడం, మధ్యాహ్నం గడ్డకట్టిన నీళ్ల సీసాను మూసి ఉన్నట్టే లోపల దించడం కూడా పనిచేస్తాయి. చల్లదనం కోసమని ద్రావణంలోనే ఐసు ముక్కలు వేస్తే ఈసీ దెబ్బతింటుంది.

తీగ కట్టడం, కత్తిరింపు

వదిలేస్తే దోస అన్ని వైపులా పాకి, ఆకుల గుబురై, కాయలు లోపల పసుపెక్కాకే కనిపిస్తాయి. ఒకే కాండాన్ని నిలువునా పెంచడం మేలు. పైన రెండు మీటర్ల ఎత్తులో గట్టి ఇనుప తీగనో కర్రనో అడ్డంగా కట్టి, దాని నుంచి తాడు వేలాడదీయండి. కాండం మొదట్లో వదులు ముడి వేసి, ఎప్పుడూ ఒకే దిశలో తాడు చుట్టూ తిప్పుతూ పోవాలి. క్లిప్పులు వాడితే ఆకు కాడ కిందుగా పెట్టండి, కాయ తొడిమ మీద పెట్టకండి. మంచి ఎండల్లో తీగ రోజుకు 5 నుంచి 10 సెంటీమీటర్లు పెరుగుతుంది కాబట్టి వారానికి రెండుసార్లు ఈ పని తప్పదు. లేత కొసను తిప్పబోతే టప్పున విరుగుతుంది. కొసకు ఒక జానెడు కింద పట్టుకుని తిప్పాలి.

ఇప్పుడు మనసు రాని పని. కింది నుంచి మొదటి ఐదారు కణుపుల్లో వచ్చే పువ్వులు, పిందెలు, పక్క కొమ్మలు అన్నీ తీసేయాలి. తొలి పిందె తుంచడానికి చెయ్యి రాదు, నిజమే. కానీ వేరు ఇంకా బలపడని దశలో ఆ ఒక్క కాయ ఉంచుకుంటే తీగ అక్కడే ఆగిపోతుంది, తర్వాత రావాల్సినవి ఆలస్యమవుతాయి. ఆ పైనుంచి ప్రతి కణుపు దగ్గర పక్క కొమ్మను తుంచుతూ, పెద్ద కాయల రకమైతే ఒక్కో పిందె, చిన్న రకమైతే ఒకటి రెండు ఉంచండి. నులితీగలు కూడా తీసేయండి. అవి పక్క ఆకులకు, కాయలకు చుట్టుకుని మెలిపెడతాయి.

తీగ పై కర్రను చేరాక కొసను తుంచి, పైన ఉన్న రెండు పక్క కొమ్మలను కర్ర మీదుగా రెండు వైపులా కిందికి వేలాడనివ్వండి. వాటి మీద రెండో విడత కాపు వస్తుంది. కింద పసుపెక్కిన ముసలి ఆకులను, వాటి దగ్గరి కాయలు కోసేశాక, కాండానికి దగ్గరగా శుభ్రంగా కత్తిరించండి. గాలి ఆడితే బూడిద తెగులు జోరు తగ్గుతుంది.

పువ్వు, పిందె

మామూలు రకం వేసినవాళ్లు తొలి పువ్వులన్నీ రాలిపోతుంటే కంగారు పడొద్దు. ముందు మగ పువ్వులే వస్తాయి. ఆడ పువ్వును గుర్తుపట్టడం తేలిక, రేకుల వెనక బుల్లి దోసకాయ ఉంటుంది. ఒక్కో పువ్వు విచ్చుకుని తాజాగా ఉండేది ఒక్క రోజే, కాబట్టి పొద్దున్నే పని కానివ్వాలి. విచ్చుకున్న మగ పువ్వు తుంచి, రేకులు తీసేసి, మధ్య భాగాన్ని ఆడ పువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. పుప్పొడి సరిగ్గా చేరకపోతే పిందె ఎండిపోతుంది, లేదా వంకరపోతుంది.

పార్థినోకార్పిక్ రకంలో పిందెలు పసుపెక్కి రాలుతుంటే సాధారణంగా రెండు కారణాలు. ఒకేసారి కాయలు ఎక్కువై తీగ మోయలేకపోవడం, లేదా వెలుగు చాలకపోవడం. కొన్ని పిందెలు రాలడం మామూలే. తీగ తన బరువు తను చూసుకుంటుంది.

ఆకు, వేరు చెప్పే సంగతులు

పాత ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి, ఈనెల మధ్య పసుపెక్కితే మెగ్నీషియం లోపం. అదే లక్షణం లేత ఆకుల్లో కనిపిస్తే ఐరన్ అందడం లేదని, ముందు పీహెచ్ చూడండి, ఎరువు తర్వాత. లేత ఆకుల అంచులు కిందికి ముడుచుకుని గొడుగులా వంగితే కాల్షియం లోపం. ద్రావణంలో కాల్షియం సరిపడా ఉన్నా, గాలి కదలక తేమ ఎక్కువైతే ఆకు నీళ్లు లాగదు, నీళ్లతో పాటే రావాల్సిన కాల్షియం కూడా రాదు. అప్పుడు చిన్న ఫ్యాన్ పెట్టడం ఎరువు కలపడం కన్నా బాగా పనిచేస్తుంది. కాయ తొడిమ వైపు సన్నబడి, కొస వైపు ఉబ్బితే పొటాషియం తగ్గిందేమో చూడండి.

మిట్టమధ్యాహ్నం ఆకులు కాస్త వాలి, సాయంత్రానికి లేస్తే భయం లేదు. పొద్దున్నే వాలి ఉంటే, బకెట్‌లో నీళ్లూ ఉంటే, వేరుకుళ్లును అనుమానించాలి. ఆరోగ్యంగా ఉన్న వేరు మీగడ రంగులో, గట్టిగా ఉంటుంది, దుర్వాసన ఉండదు. ఐరన్ చీలేట్ రంగుకు కాస్త గోధుమ రంగు పట్టినా, గట్టిగా ఉంటే పరవాలేదు. ఒక వేరు కొసను రెండు వేళ్ల మధ్య పట్టి లాగి చూడండి. పైపొర జిగటగా ఊడొచ్చి, లోపల దారం లాంటి నరం మాత్రం మిగిలితే అది కుళ్లు. ద్రావణం మొత్తం మార్చి, కుళ్లిన వేళ్లు కత్తిరించి, గాలి పెంచి, నీళ్లు చల్లబరచండి. సగానికి పైగా వేళ్లు పోతే ఆ తీగ మీద ఆశ వదులుకుని కొత్త నారు పోయడమే నయం.

ఆకు మీద తెల్లటి పొడి చల్లినట్టు కనిపిస్తే బూడిద తెగులు. ఆకు పైన ఈనెల మధ్య కోణాలుగా పసుపు మచ్చలు, కింద ఊదా బూజు ఉంటే బూజు తెగులు. తెగులు సోకిన తొలి ఆకులను వెంటనే కత్తిరించి పారేస్తే వ్యాప్తి తగ్గుతుంది. గంధకం వాడేవాళ్లు 30 డిగ్రీలు దాటిన ఎండలో చల్లకండి, దోస ఆకు మాడిపోతుంది. పురుగుల కోసం ఆకుల అడుగు చూడాలి. ఆకు కింద తెల్ల కాగితం పట్టి తడితే చుక్కల్లా పడి నడిచేవి ఎర్రనల్లి. తెల్లదోమకు, తామర పురుగుకు జిగురు అట్టలు వేలాడదీయండి. వేప నూనె పిచికారీ సాయంత్రం పూట, ముందు ఒక్క ఆకు మీద వేసి చూసి, మర్నాడు ఆకు బాగుంటేనే తీగంతా చల్లండి.

కోత

విత్తిన 45 నుంచి 60 రోజుల్లో తొలి కోత వస్తుంది. పువ్వు విచ్చుకున్నాక 10 నుంచి 14 రోజులకు కాయ కోతకు తయారవుతుంది, చిన్న రకాల్లో ఇంకా ముందే. రంగు ముదురాకుపచ్చగా, కాయ పొడవునా ఒకే లావు వచ్చి, నొక్కితే గట్టిగా ఉన్నప్పుడే కోసేయండి. కాపు జోరు మీద ఉన్నప్పుడు రోజు విడిచి రోజైనా చూడాలి, ఆకు చాటున ఒక కాయ ముదిరితే కొత్త పిందెలు ఆగిపోతాయి. లాగకుండా కత్తెరతో, కొంచెం తొడిమ ఉంచి కోయండి. కొన్ని రకాల్లో వేడి వల్లో, నీళ్లు సరిగ్గా అందకో కాయ చేదెక్కుతుంది. ఆ చేదుకు కారణం కుకుర్బిటాసిన్ అనే పదార్థం. అది ముచ్చిక వైపు, తొక్క కిందే ఎక్కువ.

నిల్వకు 10 నుంచి 13 డిగ్రీలు సరైనవి. అంతకన్నా చల్లగా రోజుల తరబడి పెడితే నీరుకారిన మచ్చలు వస్తాయి. కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టాల్సి వస్తే కవర్లో చుట్టి, అంత చల్లగా ఉండని అరలో పెట్టి, త్వరగా వాడేయండి. అరటిపండ్లు, టమాటాల పక్కన పెడితే వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు పసుపెక్కిపోతాయి.

తీగ ముగిశాక

రెండు నెలలు బాగా కాశాక కాయలు వంకరపోవడం, పిందెలు నిలవకపోవడం మొదలవుతుంది. దాన్ని ఎరువుతో లేపాలని చూడకండి. తొలి తీగ మొదటి కోతకు వచ్చిన వారంలోనే తర్వాతి విత్తనం నానబెట్టి ఉంటే, పాతది తీసే వేళకు కొత్త తీగ పందిరి ఎక్కుతూ ఉంటుంది.

తీగ తీసేశాక బకెట్, నెట్ పాట్, పైపులు రుద్ది కడిగి, ఒక వంతు ఇంటి బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి అరగంట నానబెట్టండి. బ్లీచ్ ఉన్న బకెట్‌లో పీహెచ్ దించే ఆమ్లం చుక్క కూడా పడకూడదు, విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది. తర్వాత మంచినీళ్లతో మూడు నాలుగుసార్లు కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. క్లే బాల్స్‌ను కూడా ఇలాగే శుభ్రం చేసి మళ్లీ వాడుకోవచ్చు. ఎయిర్ స్టోన్‌ మాత్రం కొత్తది వేయండి. పాతదాని రంధ్రాల్లో లవణం పేరుకుని బుడగలు సగానికి పడిపోతాయి.